ఎర్రలంగా కట్టినది నేనే

షెరీఫు దొరవారి సముఖమునకు, హెల్లిసే దీవి గార్వల్ గ్రామపు కౌలుదారు తోర్క్విల్ మెక్‌అస్కిల్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కానిస్టేబుల్ డాల్గ్లీష్ గారి చెయ్యి విరిచిన నేరమునకు నా మరదలు ఎఫ్రిక్‌ను విడిచి, నన్ను జైలులో పెట్టుట గురించి.

1. గత మంగళవారం పన్నెండుగురు పోలీసులు మా ఇళ్ళు ఖాళీ చేయించే కాగితాలతో రేవులో దిగారు. ఆడవాళ్ళను కొట్టరని మా ఊరి నమ్మకం. అందుచేత ఆడవాళ్ళే ముందు నిలబడ్డారు. నేనూ చనిపోయిన మా అమ్మ ఎర్రలంగా కట్టి, గడ్డం మీదుగా శాలువా చుట్టి వారిలో కలిశాను. నమ్మకం తప్పని మొదటి లాఠీకే తెలిసింది. డెబ్బై ఏళ్ళ బీతక్ అవ్వ, "ఒరే, మీ అమ్మనైతే ఇట్లా కొడతావట్రా?" అని అడుగుతుండగానే తల పగిలింది. రక్తం కళ్ళలోకి కారుతున్నా తిట్టడం ఆపలేదు.

2. అప్పుడు పొయ్యిలో కట్టెలకు బదులు కాల్చే మట్టిపెళ్ళలు కోసే పారతో డాల్గ్లీష్ గారి మోచేతి మీద కొట్టినది నేను. పడవ తెడ్డు విరిగినట్టు చప్పుడైంది. పడిపోతూ ఆయన నా ముంజేయి కరిచారు. నేను నుదుటితో మూతి మీద గుద్దాను. ఆయన పన్ను నా కండలోనే ఉండిపోయినది. సూదితో పెకలించి ఈ అర్జీకి జతపరిచాను. ఆయన నోట్లో పెట్టి సరిచూసుకొనవచ్చును.

3. మర్నాడు ఎఫ్రిక్ ఆ లంగాకు అంటిన రక్తం ఉతికి గోడ మీద ఆరవేసింది. ఆమె నా అంత పొడగరి. పోలీసులు లంగా చూశారు, ఆమెను చూశారు.

"ఎవరిదే ఇది?"

"నాదే. ఏం, నీకు కావాలా?"

జుట్టు పట్టి రేవు దాకా ఈడ్చారు. నేను ఆ సమయమున పిరికిపందనై గుహలో దాగి ఉన్నాను. ఈ ఒక్క వాక్యం వ్రాయుటకు రెండు కాగితాలు చింపాను.

4. గురువారం మా దీవి సార్జంటు గారి వద్ద నేరం ఒప్పుకొంటిని. "పోవయ్యా! పోయినేడు ఒడ్డున పడుకున్న సీలు జంతువుకి టోపీ పెట్టి, సారా దొంగ దొరికాడని మా పడవని పిలిపించినోడివి నువ్వు కాదూ? ఇవాళ లంగా కట్టానంటే నమ్మాలా?" అన్నారు. సీలు సంగతి నిజమే. దానికి వేరే శిక్ష వేయవచ్చును.

5. ఎఫ్రిక్ భర్త, అనగా నా తమ్ముడు, పోయిన చలికాలం చేపల వేటకు వెళ్ళి సముద్రంలో మునిగి చనిపోయాడు. ఆమెకు అయిదు నెలల ఆడపిల్ల. మా ఆవు ఆనాటి కొట్లాటలో కాలు విరిగి చచ్చింది. ఊళ్ళో పాలిచ్చే తల్లి మరొకతె లేదు. పిల్లకు ఓట్స్ గంజి పోస్తే కక్కేస్తోంది. నాలుగు రోజులు ఊరంతా వినేలా ఏడ్చింది. ఇవాళ ఏడవడం లేదు.

కావున దొరవారు పై సంగతులు చిత్తగించి, ఆమెను వదిలి నన్ను పట్టుకొనవలెనని ప్రార్థన.

తమ విధేయుడు (పార విషయంలో తప్ప),
తోర్క్విల్ మెక్‌అస్కిల్

జత: పన్ను, ఒకటి.

మరొక మనవి: ఇది తపాలాలో వేయడం లేదు. గాలి అనుకూలంగా ఉంది, నేనే పడవలో తెస్తున్నాను. గుమ్మం దగ్గర మీ వాళ్ళు లాఠీ ఎత్తకముందే చెప్పండి: నా కోటు లోపల ఉబ్బెత్తుగా ఉన్నది రాయి కాదు, పిల్ల. ముందు దాన్ని తల్లి రొమ్ముకు చేర్చండి. ఆ తర్వాత ఎంతసేపు కొట్టినా నాకు తొందరేమీ లేదు.