రాళ్ల చెలక కందులు

జూన్ 18
బడిలో ఉండగా బ్యాంకు మెసేజ్. ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి సాయం – రెండెకరాలకు, నా పేరున! పిల్లలకు రైతు మీద వ్యాసాలు రాయించడమే తప్ప నేనే రైతునవుతానని ఏనాడూ అనుకోలేదు. పోయినేడు బాపు పోయాక తమ్ముడు శ్రీను వాటా పంచాడు. బోరున్న పొలం తనకు, అచ్చంపేట దారిలోని వానాధారపు రాళ్ల చెలక నాకు. అడగకుండానే. "ఆడివిల్లకు ఎవలిస్తున్నరక్కా గీ రోజుల్ల..." ఆ రోజు కళ్లలో నీళ్లు తిరిగాయి.

జూన్ 22
జడ్చర్లలో మొదటి బస్సు పట్టుకుని వెళ్లాను. నా చెలక చూసుకుందామని.
మనిషి ఉంది అందులో. మరియమ్మ – చిన్నప్పుడు మా పొలంలో కలుపు కూలికి వచ్చే మరియమ్మ. వంగి పత్తి గింజలు, నడుమ సాళ్లలో కంది గింజలు పెడుతోంది. కౌలుకు చేస్తోందనుకుని అడిగాను.
"కౌలేంది బిడ్డా? మా ఆయన బతికున్నప్పుడే మీ బాపు కాడ కొంటిమి గద. నీకు ఎర్క లేదా?"
ఇంటికి తీసుకుపోయి బైబిల్లోంచి తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం పత్రం తీసింది. రిజిస్ట్రేషన్ లేదు. అడుగున సంతకం... బాపుదే. మంచినీళ్లిచ్చింది, తాగకుండానే లేచి వచ్చేశాను.

జూన్ 23
శ్రీనుకు ఫోన్.
"తెల్ల కాయితం చెల్లదక్కా. పట్టా నీది, పైసలు నీయి. జర సప్పుడు చేయకు."
నీకు ముందే తెలుసా అన్నాను.
"బాపు గూడ తీసుకున్నడు గద ఈ సర్కారు పైసలు, ప్రతి పంటకు."
బాపు! అంగట్లో చిల్లర ఎక్కువొస్తే తిరిగిచ్చి రమ్మని నన్ను పంపిన బాపు. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే... అది మా ఇంటి మాటే అయింది.

జూన్ 24
నమ్మబుద్ధి కావడం లేదు.

జూన్ 26
డబ్బు తెచ్చిస్తానని మరియమ్మకు ఫోన్ చేశాను.
"పైసలు ఎన్క సూద్దాం. సంతకం పెట్టు బిడ్డా, గా జాగా నా పేర్న చెయ్. మీ బాపును అడిగితే వచ్చే ఏడు, వచ్చే ఏడు అనేటోరు. పెద్దమనిషి, ఏమంటం? ఏటేటా కందుల మూట గూడ ఇస్తిమి."
ఏ కందులు?
"పంటొస్తే ముందుగాల భూమి అమ్మినోళ్లింటికి పంపాలె. మాకు గట్లనే అలవాటు."
ప్రతి ఎండాకాలం బాపు బస్సులో వేసి పంపే మూట. మన చెలక కందులు, పప్పు కొనకు అనేవాడు. ఇన్నేళ్లూ కొననేలేదు. కుక్కర్ విజిల్ వేస్తోంది... లోపల ఉన్నవి పోయినేటి మూటలో మిగిలినవే. పొయ్యి ఆపేశాను.

జూన్ 28
మరియమ్మ అడిగింది శ్రీనుకు చెప్పాను. "సంతకం పెడ్తే నాకు అక్క లేదనుకుంట."
ఏడుపు, దాని వెనకే కోపం. వాడు తప్ప పుట్టింటి వైపు నాకెవరున్నారు?

జూలై 1
బడికి సెలవు. మండలాఫీసు బెంచీ మీద రాస్తున్నా. సంతకానికి పదకొండుకు పిలుస్తామన్నారు.
మరియమ్మ ముందే వచ్చింది. చిన్న మూట నా ఒళ్లో పెట్టింది.
"కందులు బిడ్డా. మీ బాపు లేకపాయె, ఈయేడు ఎవలికియ్యాల్నో తెల్వక దాచిపెట్టిన."
మా ఇంటికి చేరిన సర్కారు పైసల సంగతి ఈమెకు తెలుసు. అయినా తెచ్చింది...
గేటు దగ్గర శ్రీను. బండి దిగలేదు. నన్నే చూస్తున్నాడు.
లోపల నా పేరు పిలుస్తున్నారు.