రెండో ముద్ద బాబీది

కిరీటీ,

టిఫిన్ తినగానే ఫ్రిజ్ మీద ఉన్న మాత్ర వేసుకో. ఇవాళ ఎనభై నాలుగో రోజు, అదే ఆఖరిది. హెపటైటిస్ సి మీద ఇంతదూరం గెలుచుకొచ్చి చివరి మాత్ర మర్చిపోయావంటే, ఎక్కిన ఉయ్యూరు బస్సు దిగి వచ్చి మరీ తంతాను.

నాన్న రేజరు ముట్టుకోకు. బాత్రూంలో ఉన్న కొత్త నీలం రేజరు నీది. నిన్న ఆస్పత్రిలో నర్సుగారు చెబితే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ జబ్బు రక్తం వల్ల అంటుకుంటుందట, కంచం వల్ల కాదట. మామ్మేమో మూడు నెలలుగా నీ కంచం, గ్లాసు వేరుగా పెట్టి కాపలా కాసింది. నువ్వూ నాన్నా హాయిగా ఒకే రేజరుతో గీసుకున్నారు! కంగారుపడకు, నాన్న రక్తపరీక్షలో ఏమీ లేదు.

సంగతి విని మామ్మ, "నా మనవణ్ణి ఉత్తపుణ్యానికి వెలేశానే!" అని ముక్కు చీది, నీ కంచం తెచ్చి మా కంచాల్లో కలిపేసింది. సాయంత్రం చేపల పులుసు దాకలోనే అన్నం కలిపి అందరికీ ముద్దలు పెడుతుందట. మొదటి ముద్ద నీకే.

ఆటోనగర్‌లో బాబీ షెడ్డుకెళ్ళి, వాణ్ణి ఈరోజే పరీక్షకు తీసుకెళ్ళు. మత్తు రోజుల్లో మీ ఇద్దరిదీ ఒకే సూది కదా. మాత్రలతో నయమవుతుందని నువ్వు చెబితేనే నమ్ముతాడు.

అక్క

తా.క. వాడి భయం జబ్బు గురించి కాదు. వాళ్ళింట్లోనూ కంచం వేరు చేస్తారని నిన్న బస్టాపులో నాతో అన్నాడు. పరీక్ష కాగానే మనింటికి లాక్కురా. రెండో ముద్ద వాడిదేనంటోంది మామ్మ.