మామగారి విమానానికి గేటు ప్రైమరు

ప్రియమైన కొండమీది శ్రీవారికి,

ముందుగా క్షేమ సమాచారాలు. నేను క్షేమం. మామగారికి కుడికంటి శుక్లం తీసేశారు, ఎడమకన్ను పై వారం. అప్పటిదాకా ఆసుపత్రి పక్కనే వదినగారింట్లో ఉంటారు. క్షేమంగా లేనిదల్లా ఆయన విమానం.

కూర్చుని చదవండి. రెండేళ్ళుగా ఆయన ముక్కముక్కా అతికిస్తున్న ప్లాస్టిక్ నీటివిమానం ఉందిగా, మూరెడు రెక్కలది? అతకడం అయిపోయింది. ఇక ప్రైమరు, దాని మీద రంగు, అంతే మిగిలాయి. కళ్ళు బాగవగానే పూర్తిచేసి మోడళ్ళ ప్రదర్శనకు పెడతానని గుడ్డ కప్పి వెళ్ళారు. నేను కోడలిగా వచ్చి ఎనిమిది నెలలైంది. ఆయన నాతో మాట్లాడిందంతా కలిపినా ఒక పోస్టుకార్డు నిండదు. ఒక్క ఘనకార్యంతో మార్కులు కొట్టేద్దామనుకున్నాను. వీధి గేటుకు కొట్టగా మిగిలిన స్ప్రే డబ్బా మీద "ప్రైమరు" అని ఉంది. డిగ్రీ చదివినదాన్ని, చదివాను. కింద చీమకాళ్ళంత అక్షరాల్లో "ఇనుముకు మాత్రమే" అని ఉన్న సంగతి కొట్టేశాక చదివాను.

ఎడమరెక్క మీగడలా ముడతలు పడింది. ఆయన ఇరవై రోజుల్లో వస్తున్నారు. మీ వాతావరణ కేంద్రంలో ఫోను పలికి చావదు. ఈ ఉత్తరం తెచ్చే సరుకుల లారీ మళ్ళీ కొండ దిగేలోపు జవాబు రాయండి.

మీ (ఇంకెన్నాళ్ళో తెలియని) అర్ధాంగి

*

ప్రియమైన గేటు పెయింటరుకి,

నువ్వు గుడ్డతో తుడిచే ఉంటావు. ఇంక ముట్టుకోకు. రెండురోజులు అలా వదిలెయ్యి, పూత గట్టిపడనీ. తర్వాత వాటర్ పేపరు, అదే గరుకు కాగితం, తడిపి ముడతలు పోయేదాకా మెల్లగా రుద్దు. గిన్నెలు తోమే సబ్బుతో కడుగు. ఆరాక ఉత్తి చేత్తో పట్టుకోకు, వేలి జిడ్డు అంటినచోట ప్రైమరు పట్టదు. నాన్న బీరువా పైన బూడిదరంగు డబ్బా ఉంటుంది, అదీ ప్లాస్టిక్‌కి వేసేది. రెండు నిమిషాలు గిలక్కొట్టు. జానెడు దూరంలో పట్టుకో. స్ప్రే రెక్క బయట మొదలుపెట్టి, అవతల బయటే ఆపు. పలచగా వెయ్యి. మొదటి పూతకే నిండుగా కప్పాలని చూశావో, రేకుల అతుకుల్లా చెక్కిన సన్నగీతలన్నీ పూడిపోతాయి. వాన పడేరోజు అసలు వద్దు.

నాన్నకి చెప్పకు. ఇంకోటి, నాన్న వేసినవి చూసి నేర్చుకోకు.

నీ వాడు

*

ప్రియమైన జానెడు దూరం వారికి,

మీరన్నట్టే తుడిచాను. ఉత్తరం రాకముందే. మీకు దివ్యదృష్టి ఉంటే కాస్త ముందే వాడాల్సింది.

నాలుగు రోజులు రుద్దాను. నా వేళ్ళమీది గీతలు కూడా పోయినట్టున్నాయి, ఇక దొంగతనం చేసినా దొరకను. మీ బూడిద ప్రైమరు వేశాను. రెక్కంతా పంచదార చల్లినట్టు గరుకు! ఏడుపొక్కటే తక్కువ. కానీ ఒక వింత. మామగారి షెల్ఫులో పదకొండు విమానాలున్నాయిగా, ఒక్కొక్కటీ తడిమి చూశాను. పై వరస పాతవి నున్నగా ఉన్నాయి. కింది వరస ఆరూ నా రెక్కలాగే గరుకు! ఇది మీ వంశాచారమా? ఆచారమైతే నేను రుద్దడం ఆపేస్తాను. వాటిని చూసి నేర్చుకోవద్దని ఎందుకన్నారు? తొమ్మిది రోజులే ఉన్నాయి. చెప్పండి.

మీ వంశోద్ధారకురాలు

*

ప్రియమైన గూఢచారికి,

గరుకంటే దూరం ఎక్కువైంది. తుంపర దారిలోనే ఆరిపోయి పొడిగా పడింది. మళ్ళీ రుద్ది, దగ్గరగా పట్టుకుని వెయ్యి.

ఆ ఆరూ ఈ మూడేళ్ళలో వేసినవి. ఆయనకి చూపు మసకేసింది. విమానాన్ని ఇటు తిప్పి చూపించి "ఎలా ఉందిరా?" అనేవాడు. "బాగుంది నాన్నా" అనేవాళ్ళం, ఆయన నవ్వేవాడు. అక్కా అంతే, నేనూ అంతే. ఒకసారి అన్నాక మళ్ళీ వెనక్కి తీసుకోవడం కుదర్లేదు. ఇప్పుడాయన కొత్తకళ్ళతో వస్తున్నాడు. నీ రెక్క సంగతి సరే, ఆ షెల్ఫు చూస్తే ఏమైపోతాడో! ఆ ఆరింటినీ అటకెక్కించు. పురుగులమందు కొట్టించామనో ఏదో చెబుదాం.

నీ వాడు

*

ప్రియమైన అబద్ధాల అబ్బాయిగారికి,

రెక్క మళ్ళీ రుద్ది, దగ్గరగా పట్టి విమానమంతా వేశాను, నున్నగానే వచ్చింది. ఇక ఆ ఆరింటినీ అటకెక్కించాను. దించాను. మళ్ళీ ఎక్కించాను. పాపం, అవి ఇంత ఎత్తుకు ఎగరడం ఇదే మొదటిసారి. నిన్న ఆటో వీధి మలుపు తిరిగేసరికి ఇక నా వల్ల కాక, మొత్తం దించి ఉన్నచోటే పెట్టేశాను.

మామగారు నల్లకళ్ళజోడుతో, వెంట వచ్చిన వదినగారి చెయ్యి వదిలించుకుని, తిన్నగా షెల్ఫు దగ్గరికే వెళ్ళారు. కింది వరసలోంచి ఒకటి తీశారు. కళ్ళు మూసుకుని బొటనవేలితో రాశారు.

"అంత ఖర్చుపెట్టి కళ్ళు చేయించుకుని, మూసుకుంటారేంటి మామయ్యా?" అన్నాను, నోరాగక.

"గరుకు తెలియడానికి కళ్ళెందుకమ్మా? వేసినరోజే తెలుసు నాకు."

"మరి మీవాళ్ళు బాగుందంటే నవ్వేవారట?"

"వాడు చెమటలు కక్కుతూ అబద్ధం ఆడుతుంటే నవ్వక ఏం చెయ్యను? కనబడట్లేదని ఒప్పుకుంటే ఆ కొండ ఉద్యోగం వద్దనుకుని నా పక్కన కూర్చునేవాడు. వాడు కొండెక్కాకే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను."

తర్వాత గుడ్డ తీసి నీటివిమానం చూశారు. కుడిరెక్క, తోక, ఎడమరెక్క, అన్నీ వేలితో రాశారు. రెక్క మొదట్లో వెంట్రుకంత ముడత ఒకటి మిగిలిపోయింది, సరిగ్గా అక్కడ వేలాగింది.

"ఇదేంటి?"

"గేటు ప్రైమరు."

కంట్లో వేసిన మందంతా కారిపోయేదాకా నవ్వారు. ఆ నవ్వు చూసి వదినగారు డాక్టరుకు ఫోన్ చేయబోయారు. "ఇంకేం చేశావో అన్నీ చెప్పు" అన్నారు. చెప్పాను. అరగంట పట్టింది. మధ్యలో మూడుసార్లు "ఛీ" అన్నారు, ఒకసారి "అబ్బో" అన్నారు. పోస్టుకార్డులైతే ఓ కట్ట అయ్యేవి.

ప్రస్తుతం ఆ ఆరు విమానాలూ రంగు వదిలించే మందులో నానుతున్నాయి. స్నానాల గది మాది కాదు, విమానాలది. నేను స్ప్రే పట్టుకుంటాను, ఆయన వెనక నిలబడి "దగ్గర, దగ్గర, అంత దగ్గరొద్దు!" అని అరుస్తారు. ప్రదర్శన చీటీ మీద "అతికింది: నేను. ప్రైమరు: కోడలు" అని రాశారు. రెండో పూతకి పిలుస్తున్నారు, ఆపుతున్నాను. కింది రెండు లైన్లూ ఆయనవే.

మీ అర్ధాంగి (పర్మనెంటు)

ఏరా, దీంతో విమానం ఫోటో పెడుతున్నాం. బాగుందని రాశావో, ఊరుకోను.
ఎక్కడ బాగోలేదో రాయి. నాన్న.