వదినె నోట్‌బుక్కులో మూలుగు

మార్చి 5, బుధవారం. ఉదయం 5:10
ఈస్టర్‌కు ముందటి నలభై శ్రమదినాలు మొదలయ్యాయి. నా తీర్మానం కూడా!

మా ఆయన అక్క సైదమ్మ వదినె ముప్పై ఏళ్లుగా రాసుకున్న ప్రార్థనల నోట్‌బుక్కు మా ఇంటికి వచ్చింది. పేజీకి ఒక మనిషి, ఆ మనిషి కోసం ఒక ప్రార్థన. నూట అరవై పేజీలు. షుగర్‌తో వదినెకు చూపు పోయింది, చదివి వినిపించేవాళ్లు లేరు. రోజుకు నాలుగు పేజీలు రికార్డు చేస్తే నలభై రోజుల్లో పూర్తి. ఆదివారాలు మా ఆయన మత్తయి ఆ రికార్డింగుల మెమరీ కార్డు తీసుకుని హయత్‌నగర్‌లో వదినె ఇంటికి వెళ్తారు. ఆమె స్పీకరు డబ్బాలో పెడతారు.

నేను వెళ్లను. రెండేళ్ల క్రితం చర్చి స్త్రీల కూటంలో వదినె బైబిలు చదువుతుంటే అందరి ముందూ తప్పు దిద్దాను. ఒకటి కాదు, నాలుగు. అప్పటి నుంచి మాటల్లేవు. ఈ నలభై రోజులే నా క్షమాపణ.

దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్నవి:
1. సబ్బుబిళ్లంత రికార్డరు.
2. ఎలుకల మిషన్. ప్లగ్గులో పెడితే చాలు. దాని కూత మనుషులకు వినపడదట, ఎలుకలు మాత్రం పారిపోతాయట.
రెండూ వంటగదిలోనే. ఎల్బీనగర్‌లో హైవే మోత లేని గది మాకు అదొక్కటే.

రికార్డరులో క్వాలిటీ మూడు రకాలు. అన్నిటికన్నా తక్కువది పెట్టాను. నోట్‌బుక్కంతా ఒక్క కార్డులో పడుతుంది. పొదుపు!

నాలుగు పేజీలు అయిపోయాయి. స్తోత్రం!

మార్చి 9, ఆదివారం. సాయంత్రం 6:40
ఇరవై పేజీలతో కార్డు వెళ్లింది. వదినె ఫోన్ వచ్చింది. రెండేళ్ల తర్వాత!
"ఏందే ఎస్తేరు, నాకోసం చదువుడంటే గంత ఏడుపొస్తున్నదా?"
"నేనేడ్వలే వదినె!"
"ఎనకంగ ఊ... ఊ... అని మూలుగుతనే ఉన్నవ్ గద. ఇష్టం లేకుంటే చదువకు. నా నోట్‌బుక్కు నాకు పంపియ్యి."
పెట్టేసింది.
పంపను. నేను ఏడవలేదని తేలేదాకా పంపను.

మార్చి 10
నాలుగు మాటలు రికార్డు చేసి విన్నాను. నిజమే. నా గొంతు వెనక కుక్క ఊళలాంటిది పైకి లేస్తుంది, కిందికి జారుతుంది, మళ్లీ లేస్తుంది. గదిలో చెవి పెట్టి వింటే ఏమీ లేదు.
ఆపి చూసినవి: ఫ్యాను. ఫ్రిజ్జు (పాలు విరిగాయి). మా ఆయన రేడియో.
ఊళ ఆగలేదు.
"మా అక్క ప్రార్థన ఇని సైతాను మొత్తుకుంటున్నడు" అన్నారు మా ఆయన.

మార్చి 12
పాస్టరు ప్రసన్నకుమార్ అయ్యగారు వచ్చి వంటగదిలో అరగంట ప్రార్థన చేశారు. నాలుగు గారెలు తిన్నారు. ప్రార్థన రికార్డు చేసి వినిపించాను. ఆయన ఆమెన్ వెనక కూడా ఊళ. టీ తాగకుండానే వెళ్లిపోయారు.

మార్చి 14
గొంతు పట్టేసింది. రెండే పేజీలు. చిన్నవి వెతికి చదివాను. దేవుడు వరుస అడగడు.

మార్చి 15
పేజీలు: 0. మిరపకాయలు ఎండబెట్టాను. అదీ ఒక సేవే.

మార్చి 16, ఆదివారం
భోజనానికి మా అమ్మాయి సాధన వచ్చింది. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఈ శబ్దాల చదువే చెబుతుంది. ఊళ విని నవ్వింది. ఎలుకల మిషన్ ప్లగ్గు పీకి, మళ్లీ రికార్డు చేసింది. ఊళ మాయం!
"దాని కూత వినపడదు గదనే?"
"మనకు వినపడదు. రికార్డరుకు పడ్తది."

నాకు అర్థమైంది ఇదీ. రికార్డరు శబ్దాన్ని ధారలా పట్టదు, చుక్కలుగా పడుతుంది. నేను పెట్టిన క్వాలిటీలో సెకనుకు ఎనిమిది వేల చుక్కలే. ఎలుకల కూత అంతకన్నా చాలా వేగంగా ఊగుతుంది.
"అమ్మా, గడియారం పెద్దముల్లును యాభై అయిదు నిమిషాలకోసారే చూసినవనుకో. ఎట్ల కనబడ్తది?"
వేళ్ల మీద లెక్కేశాను. "ఎనక్కి నడుస్తున్నట్టు."
"నిజంగ నడుస్తున్నదా?"
"లేదు."
"గదే. తక్కువసార్లు పట్టుకుంటే, లేని మూలుగు పుడ్తది."
"సరే, గా మూలుగు తీసెయ్యి."
"రవ్వ ఎప్పుడు జల్లిస్తవ్? ఉప్మా వండినంకనా?"
చుక్కలు పట్టకముందే జల్లెడ ఉండాలట. నా రికార్డరుకు లేదు. ఇప్పటిదాకా చదివినవన్నీ వృథా. పొదుపు!

మార్చి 17
కొత్త తీర్మానం! క్వాలిటీ పెద్దది. ఎలుకల మిషన్ బంద్. రోజుకు ఆరు పేజీలు. గొంతు గంటలా పలికింది.
మళ్లీ మొదటి నుంచి చదువుతున్నానని చెప్పిస్తే, వదినె మా ఆయనతో అందట: "మొత్తం సాఫ్‌గ అయినంకనే పంపుమను."

మార్చి 21
మూడు పేజీలు. రేపు తొమ్మిది.

మార్చి 24
వంటగదిలో చప్పుడు. మిషన్ పెడితే మూలుగు. పెట్టకపోతే ఎలుకలు. తీర్మానమే ముఖ్యం. దేవుడు కాపాడతాడు.

మార్చి 27. ఉదయం 5:30
దేవుడు ఎలుకలను కాపాడాడు.
నోట్‌బుక్కు కొరికేశాయి. చాలా పేజీల అంచులు పోయాయి. నూట యాభై రెండో పేజీ మొత్తం పోయింది. వదినె చేతిరాత. ఇంకెప్పటికీ రాయలేని చేతిరాత.
బియ్యం డబ్బాలో దాచాను. మా ఆయనకు చెప్పలేదు.

మార్చి 28, 29, 30
0. 0. జ్వరం. (లేదు.)

ఏప్రిల్ 6, ఆదివారం
"అక్క అడుగుతున్నది. ఇంక కాలేదా?" అన్నారు మా ఆయన.
"లేదు."
"మల్ల సైతానా?"
"ఎలుక."
అంతా చెప్పేశాను.
"నాకెందుకు చెప్పుడు? పోయి అక్కకు చెప్పు."

ఏప్రిల్ 7, సోమవారం. మధ్యాహ్నం 3:00
హయత్‌నగర్ బస్సెక్కాను. వదినె గుమ్మం దగ్గర మంచం మీద ఉంది. చిక్కిపోయింది.
"ఎవరు?"
"ఎస్తేరును."
"వినపడ్తలేదు. జర గట్టిగ."
"ఎస్తేరును వదినె! నీ నోట్‌బుక్కు ఎలుకలు కొట్టినయి!"
గల్లీ అంతా విన్నది. మిషన్ సంగతి, మూలుగు సంగతి కూడా అదే గొంతుతో చెప్పాను.
వదినె నవ్వలేదు. "ఏ పేజీ పోయింది?"
"నూట యాభై రెండు."
అప్పుడు నవ్వింది. మంచం ఊగింది. "అది నీ పేజీనే. కూటంల నువ్వు తప్పులు వట్టిన దినం రాసిన."
"ఏం రాసినవ్ వదినె?"
"పెన్ను తియ్యి. చెప్త. పైన ఆదివారం అని రాయి. ప్రభువా, ఎస్తేరు నోటికి తాళమెయ్యి. లేకుంటే నా చదువన్న మంచిగ చెయ్యి. రెండిట్ల నీకేది సులువుగుంటే గది."

రెండేళ్లూ నా మనసులో వదినె కోపంగా కూటంలోంచి లేచి వెళ్తూనే ఉంది. నేను చూసింది ఆ ఒక్కసారే. తిరిగి చూసిందెక్కడ?

తీర్మానం. ఒకటో రోజు. వారానికి మూడుసార్లు హయత్‌నగర్. ఎదురుగా కూర్చుని నాలుగు పేజీలు. సాధన అడిగితే, చుక్కలు పెంచానని చెప్పాలి.

ఇంకో సంగతి. ఆ కూటం జరిగింది ఆదివారం కాదు, శనివారం. నాకు బాగా గుర్తు.
ఆదివారం అనే రాశాను.