నర్సయ్యను చూపించడానికి అనుమతి

జూన్ 7, శనివారం

లాల్‌గడి మలక్‌పేట్‌లో నేను ప్రతి శనివారం యాప్రాల్ నుంచి వెళ్లి నడిపే ఆడవాళ్ల చర్చ ఈ వారం చప్పగా సాగింది. చేపలు పట్టేవాళ్ల సొసైటీలో ఆడవాళ్లకు సభ్యత్వం ఉండాలా అని అడిగితే అందరూ నేలచూపులు చూశారు. ఐలమ్మ ఒక్కతే నోరు విప్పింది. ఉండాలని తన భర్త నర్సయ్య అనేవాడట. పోయిన ఏడాది ఎవరో వచ్చి ఆయన మాటలు వీడియో తీసుకున్నారట. ఆ తర్వాత కొద్ది నెలలకే ఆయన పోయాడు. ఆ వీడియో ఆమె ఇంతవరకూ చూడలేదు.

జూన్ 9

దొరికింది. సిటీలో ఒక సంస్థ తీసిన డాక్యుమెంటరీ. మెయిల్ పెడితే మర్యాదగా లింక్ పంపారు. నర్సయ్య వల చిక్కు తీస్తూ అంటున్నాడు: "మా ఐలమ్మ నాకంటె మంచిగ అమ్ముతది. ఆమె పేరు సొసైటీల ఎందుకుండొద్దు?"

శనివారం ప్రొజెక్టర్ పెట్టి అందరికీ చూపిస్తామని వాళ్లకు రాశాను.

జూన్ 11

కుదరదట. లింక్ నేనొక్కదాన్నే చూడటానికట. గుంపుకి చూపిస్తే పబ్లిక్ స్క్రీనింగ్, దానికి లైసెన్స్ కావాలట. టికెట్ లేదు, లాభం లేదు, ఊళ్లో ఆడవాళ్లం కూర్చుని మాట్లాడుకుంటాం అంతే అని రాశాను. రూల్ అందరికీ ఒకటేనట.

ఫోన్ చేశాను. లిఖిత అనే అమ్మాయి ఎత్తింది. కనీసం ఆయన భార్యకు చూపించవచ్చా అన్నాను. పైవాళ్లను కనుక్కుని చెబుతానంది.

ఒళ్లు మండిపోయింది. తీసినవాళ్ల కష్టానికి హక్కు ఉంటుంది, కాదనను. కానీ ఆ మొహం ఎవరిది? ఆ గొంతు ఎవరిది? ఆయన మాట్లాడింది ఎవరి కోసం?

జూన్ 13

జవాబు లేదు.

జూన్ 14

ప్రొజెక్టర్ లేకుండానే వెళ్లి జరిగింది చెప్పాను. "తీసేటప్పుడు లేని అడ్డం సూసేటప్పుడేంది?" అని ముత్తమ్మ గొంతు పెంచింది. ఎవరికి తెలుస్తుంది, ఫోన్‌లో చూపించెయ్యమంది రోజారాణి. దొంగల్లా ఎందుకు చూడాలని నేనే ఒప్పుకోలేదు.

అందరూ వెళ్లాక, భార్యకైనా ఆ హక్కు ఉందనుకుని ఐలమ్మ ఒక్కదానికే చూపించబోయాను. వద్దంది, అందరితో కలిసే చూస్తుందట. ఒక్కటి మాత్రం అడిగింది.

"గాయన అండ్ల దగ్గుతుండెనా?"

కొంచెం, అన్నాను.

"గట్లైతే గప్పటికే షురువైంది" అని లేచి వెళ్లిపోయింది.

యాప్రాల్ చేరేదాకా బస్సులో ఏడుపు ఆగలేదు. ఇంటికి రాగానే మళ్లీ మెయిల్ రాశాను. ఈసారి మర్యాద లేకుండా.

జూన్ 20

అనుమతి వచ్చింది. ఉచితంగానే, ఒక్కసారికి. ప్రత్యేక సందర్భంగా భావించి ఇస్తున్నారట. దయ చూపిస్తున్నారు మా మీద.

జూన్ 21

చూశాం. తన పేరు వినగానే ఐలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయాక ఒక్కరూ లేవలేదు. ఇన్ని వారాలు నోరు మెదపనివాళ్లు కూడా మాట్లాడారు. సోమవారం అందరూ కలిసి సొసైటీకి వెళ్తున్నారు.

జూన్ 22

సంస్థవాళ్లు ఫీడ్‌బ్యాక్ అడిగారు. ఐలమ్మకు ఫోన్ చేసి, ఆమె అన్నది అన్నట్టే టైప్ చేసి పంపాను.

"నర్సయ్యను ఎవరికి సూపిచ్చినా, ముందుగాల నన్నడగుండ్రి."