వేయించిన విత్తనాలు

అమ్మా, నేను కులాసా, దిగులు పెట్టుకోకు.

ఎవరూ పట్టించుకోని పంటల్లో వేటిమీద పరిశోధన చెయ్యాలో మా ఆఫీసులో ఎంచుతున్నారు. నువ్వు పంపిన మన పెరటి చిక్కుడు గింజలు కుండీల్లో వేస్తే ఒక్కటీ మొలవలేదు. పెద్దసారు ఆ పంట పేరు కొట్టేయబోతుంటే అనుమానమొచ్చి, మిగిలిన గింజల్లో ఒకటి కొరికి చూశాను. పుచ్చిపోతాయని దోరగా వేయించి పంపావా తల్లీ! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. విషయం చెబితే సారు గుప్పెడు నమిలి, ఇంకో గుప్పెడు అడిగి, మళ్లీ వేసి చూద్దామన్నారు.

పాదుకి ఇంకా కాయలున్నాయా? బావ వస్తున్నాడుగా, గింజలు అతని చేతికియ్యి. నాన్నకి దండాలు, మోకాలి నొప్పి తగ్గిందా?

పురుగు పట్టినా ఫర్వాలేదు, విత్తనాలు మాత్రం వేయించకు. వేయించినవి వేరే పొట్లం కట్టి నాకు పంపు. అవి సారుకి చూపించను.

నీ చిన్నది