ఆకాశానికి చిల్లు, కాలువకు కట్ట

2002 సెప్టెంబర్ 14, శనివారం

సోమవారం ఓజోన్ డే. స్పీచ్ నాదే. స్కూల్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని నేనొక్కదాన్నే కదా! నాలుగు పేజీలు రాశాను. అంటార్కిటికా మీద ఓజోన్ పోయేది వేడి వల్ల కాదు, చలి వల్ల. చలికాలమంతా అక్కడ సూర్యుడు కనపడడు. పైన స్ట్రాటోస్ఫియర్ మైనస్ డెబ్బై ఎనిమిది డిగ్రీలు దాటి చల్లబడితే మేఘాలు పుడతాయి. మన ఫ్రిజ్ గ్యాసుల నుంచి పోయిన క్లోరిన్ అప్పటిదాకా ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. ఆ మేఘాల మీద దానికి ప్రాణం లేచొస్తుంది. వసంతంలో ఎండ తగలగానే ఓజోన్‌ను తినేస్తుంది. రాస్తుంటే నాకే ఒళ్లు పులకరించింది.

హెడ్మాస్టర్ చదివి, గివన్నీ ఎవనికి సమజైతయమ్మా, చిల్లు పడ్డదని చెప్పు చాలు అన్నాడు.

నాన్నకు ఇవేం పట్టవు. చెరువు కింద మా రెండెకరాల వరి నెర్రెలు బారింది. ఆగస్టులో పడ్డ ఆ కాసిని వానలూ చెరువు చేరలేదు. మాజీ సర్పంచ్ రామన్న కాలువకు అడ్డంగా కట్ట పోసి, నీళ్లు తన పత్తికి మళ్లించుకున్నాడు.

సెప్టెంబర్ 16

చీఫ్ గెస్ట్ రామన్నే. చిల్లు అని చెప్పాను. చలి ఊసెత్తలేదు. అందరికంటే ఎక్కువ చప్పట్లు రామన్నవే.

సెప్టెంబర్ 19

హోటల్ దగ్గర రామన్న చెబుతున్నాడట: మేడమే చెప్పింది, ఆకాశానికి చిల్లు పడ్డది, వాన గా చిల్లులకెల్లే పోతున్నది, నా కట్టదేం తప్పు? నవ్వొచ్చింది.

సెప్టెంబర్ 21

నవ్వు ఆగింది. కట్ట తీయించమని అర్జీ పెడదామని నాన్న చెరువు కింది రైతులను పిలిస్తే సగం మంది రాలేదు. మీదనే చిల్లు పడ్డంక కట్ట తీసి ఏం జేస్తం కురుమూర్తన్నా, నీ బిడ్డనే చెప్పె గద అన్నారట. నాన్న అన్నం సగంలో లేచాడు.

సెప్టెంబర్ 24

రేపు కరువు చూడటానికి పెద్ద ఆఫీసర్ వస్తాడు. నాన్న నన్ను ఎన్నడూ ఏమీ అడగలేదు. ఇవాళ అడిగాడు. నేను చెప్తే ఇనడు బిడ్డా, సదువుకున్నదానివి, కట్ట సంగతి నువ్వు చెప్పు అని. చెప్తానన్నాను.

సెప్టెంబర్ 25

ఏం చేశాను!

ఆఫీసర్ చెరువు గట్టు మీద నిలబడ్డాడు. రామన్న చిల్లు కథ ఎత్తుకున్నాడు. ఆఫీసర్ తలూపి, అవునవును, గ్లోబల్ వార్మింగ్, ఎండలకే ఓజోన్ కరిగిపోతోంది అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎండలకు కాదు సార్, చలికి అన్నాను. ఇక ఆగలేదు. మైనస్ డెబ్బై ఎనిమిది, నైట్రిక్ యాసిడ్ మేఘాలు, క్లోరిన్, అన్నీ. చెమటలు కారే ఎండలో నేను చలి గురించి చెబుతుంటే జనం ముసిముసిగా నవ్వారు. దానికీ మన వానకూ సంబంధం లేదని చెప్పేసరికి ఆయన వాచీ చూసుకుంటున్నాడు. వెరీ గుడ్ లెక్చర్ మేడం అని జీపెక్కాడు. డోర్ వేసింది రామన్నే.

కాలువ! కాలువ మాటే ఎత్తలేదు. కట్ట ఎదురుగా కనపడుతూనే ఉంది. చెయ్యెత్తి చూపిస్తే సరిపోయేది. మొన్న చలి గురించి చెప్పాల్సిన చోట చెప్పలేదు. ఇవాళ చలి తప్ప ఏమీ చెప్పలేదు. నా చదువు మీద నాకే అసహ్యం వేస్తోంది.

దారిలో నాన్న ఒకటే మాట అన్నాడు. మంచిగ మాట్లాడినవ్ బిడ్డా అని. ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు.

అక్టోబర్ 1

నాన్న మేకలను ఎండిన వరిలోకి వదిలాడు.

అక్టోబర్ 5

పేపర్లో వచ్చింది. ఈ ఏడాది అంటార్కిటికా మీద చిల్లు చిన్నదై, రెండు ముక్కలైందట. అక్కడ పైన ఉన్నట్టుండి వేడెక్కిందట. చలి తగ్గింది, మేఘాలు నిలవలేదు, క్లోరిన్ ఆట కట్టింది. నేను రాసిందాంట్లో ఒక్క ముక్క తప్పు కాలేదు. ఎవరికి చెప్పుకోను? హెడ్మాస్టర్ ఆ వార్త కత్తిరించి, మన ఓజోన్ డే ఫలితం అని రాసి నోటీస్ బోర్డుకు అంటించాడు. థూ!

అక్టోబర్ 12

వాన. గట్టి వాన. నాన్న గొంగడి కప్పుకొని పోయి చూసొచ్చాడు. నీళ్లు కట్ట దాకా వచ్చి రామన్న పత్తిలోకి తిరిగాయట. నాన్న ఇక గద్వాల పోతాడట, విత్తనాల కోసం వేసే సీడు పత్తిలో కూలికి. నా జీతం ఉంది కదా అంటే, అది నీది బిడ్డా అన్నాడు.

అక్టోబర్ 14

రేపు దసరా. నాన్న బస్సెక్కాడు. కిటికీలోంచి అడిగాడు, ఆకాశంల చిల్లు పూడిందా అని.

జర పూడింది అన్నాను.

గదైనా పూడనియ్ అన్నాడు.